వెనిలా కాయలు లెక్కపెట్టకండి, తూచండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ చేసుకోవడం గురించి వంటల పేజీల్లో తరచూ కనిపించే కొలత ఒకటే: సీసాడు వోడ్కాలో రెండు కాయలు వేసి నెల ఆగండి. అలా తయారయ్యేది రంగు తేలిన వోడ్కా మాత్రమే. కేకులో ఎంత పోసినా వాసన నిలవదు. చేసినవాళ్లేమో కాయలే మంచివి కావనుకుంటారు. ఇకమీదట ఆ వంటకం వేసేటప్పుడు కాయల సంఖ్య తీసేసి గ్రాములు అచ్చు వేయమని మనవి.

వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ అన్న పేరుతో అమ్మాలంటే అమెరికా ఆహార నిబంధనల ప్రకారం గ్యాలన్‌కు 13.35 ఔన్సుల కాయ పడాలి, ఆల్కహాల్ 35 శాతానికి తగ్గకూడదు. అంటే లీటరుకు 100 గ్రాములు, 250 మి.లీ. సీసాకు 25 గ్రాములు. కాయ మూడు గ్రాములు తూగితే ఎనిమిది కాయలు కావాలి. రెండు వేస్తే పడేది నాలుగో వంతే. ఈ 25 గ్రాముల లెక్క కూడా తేమ 25 శాతం దాటని కాయకు. మెత్తగా, నూనె రాసినట్టు మెరిసే మొదటి రకంలో తేమ మూడో వంతు దాకా ఉంటుంది కాబట్టి అదైతే 28 గ్రాములు వేయాలి. చూపుకు ఆనకపోయినా ఈ పనికి ఎండిన రెండో రకమే మేలు. మాగబెట్టని పచ్చికాయ మాత్రం పనికిరాదు. అందులో వెనిలా వాసననిచ్చే వెనిలిన్ అనే పదార్థం చక్కెరతో ముడిపడి ఉంటుంది, మాగితేనే విడుదలవుతుంది.

వోడ్కా 40 శాతానిది తీసుకోండి. 35 శాతానిదైతే కాయలోని తేమ కలిసి ఇంకా పలచబడుతుంది. 95 శాతం స్పిరిట్‌లో కాయ బిగుసుకుపోతుంది, నీటిలో కరిగే రుచులు సరిగా దిగవు. చేతిలో అదే ఉంటే 100 మి.లీ. స్పిరిట్‌కు నీళ్లు కలిపి 237 మి.లీ.కి తెండి. తాగడానికి పనికొచ్చే స్పిరిట్ మాత్రమే వాడాలి. గాయాలు తుడిచే స్పిరిట్ విషం.

కాయను నిలువునా చీల్చి, అంగుళం ముక్కలు కోసి, గింజలతో సహా సీసాలో వేయండి. గింజలు గీకి వేసుకుని తొక్క పారేయడం కొందరి అలవాటు. తొక్కలోనూ సువాసన ఉంటుంది, దాన్ని వదులుకోవద్దు. ముక్కలన్నీ మునగాలి. మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి కుదపండి. వెలుతురు తగలని చోట ఉంచండి.

రంగును చూసి మోసపోయేవాళ్లు చాలామంది. కొద్ది రోజులకే సీసా తేనెరంగుకు తిరుగుతుంది, రుచి దిగడానికి మాత్రం నెలలు పడుతుంది. ఎనిమిది వారాలకు వాడుకోవచ్చు, ఆరు నెలలకు చిక్కబడుతుంది. మూత తీసి వాసన చూస్తే ఆల్కహాల్ ఘాటే ముక్కుకు తగులుతుంది. రెండు చుక్కలు గోరువెచ్చని తీపి పాలలో వేసి రుచి చూడండి. తొందరపడి పొయ్యి మీద గాని, ప్రెషర్ కుక్కర్లో గాని పెట్టవద్దు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరికి మంట తగిలితే అంటుకుంటుంది.

రెట్టింపు బలం కావాలంటే 250 మి.లీ.కి 50 గ్రాములు. అంతా ఒకేసారి కూరితే కాయలు ఉబ్బి వోడ్కాను పీల్చేస్తాయి, పైముక్కలు తేలిపోతాయి. 25 గ్రాములతో రెండు నెలలు ఉంచి, వడగట్టి, ముక్కలు గట్టిగా పిండి, అదే ద్రవంలో కొత్తగా 25 గ్రాములు వేయండి. కాస్త ద్రవం తరుగుతుంది, అది తప్పదు.

కొనేటప్పుడే కాయ మీద తెల్లగా కనిపిస్తే కంగారు పడకండి. దీపం కింద సూదుల్లా తళుక్కుమంటే అవి వెనిలిన్ స్ఫటికాలు, అది మంచి కాయ. దూదిలా మెరుపు లేకుండా అంటుకుని ఉంటే బూజు. సీసాలో పైకి తేలిన ముక్కకు బూజు పట్టినా మొత్తం పారబోయాల్సిందే. అడుగున జిగురు పేరుకుంటే భయం లేదు, అది కాయలోని రెసిన్. కుదిపి వాడుకోవచ్చు.

వాడినంత మేర మళ్లీ వోడ్కా పోస్తూ ఏళ్లతరబడి ఒకే సీసా నడపవచ్చంటారు. పోసిన ప్రతి 100 మి.లీ.కి 10 గ్రాముల కొత్త కాయ వేస్తేనే ఆ మాట నిజం. పాత ముక్కలను బాగా ఆరబెట్టి చక్కెరతో కలిపి పొడి చేసుకుంటే బిస్కెట్లలోకి బాగుంటుంది.

– ఒక పాఠకురాలు