స్కానింగ్ గదిలో ఊపిరి మాట తెలుగులో చెప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలం. మా నాయన నలభై ఏళ్లు పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేశాడు. కాలేయంలో గడ్డ ఉందని తేలాక, డై (గడ్డ తేడా కనబడేలా నరంలోకి ఎక్కించే మందు) ఎక్కించి మూడు దశల్లో తీసే సీటీ స్కాన్ రాశారు. ఒక ప్రైవేటు సెంటర్‌కి తీసుకెళ్లాం. లోపల మిషన్‌లోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఊపిరి బిగబట్టమంటోందని నాయనకి తెలియదు. ఎవరో పలకరిస్తున్నారనుకుని "ఏందమ్మా?" అని అడిగాడంట. సరిగ్గా అప్పుడే స్కాన్ నడిచింది.

కదలిక వల్ల బొమ్మ స్పష్టంగా లేదని రిపోర్టులో రాశారు. పెద్ద గడ్డ కనబడింది గానీ, కాలేయం పైకొసన ఇంకోటి ఉందో లేదో చెప్పలేమన్నారు. ఇంటిల్లిపాదికీ పది రోజులు టెన్షన్.

అయ్యా, దీన్ని చిన్న విషయమని పక్కన పెట్టకండి. ఊపిరితిత్తుల కింద, శ్వాసతో పాటు కదిలే కండర పొర డయాఫ్రం; కాలేయం దానికి కిందనే ఆనుకుని ఉంటుంది. గాలి పీల్చితే కిందికి జారుతుంది, వదిలితే పైకి వస్తుంది. మామూలు శ్వాసకే ఒకటి రెండు సెంటీమీటర్లు కదులుతుంది. వెతికే గడ్డేమో ఒక్కోసారి సెంటీమీటరే. పైగా కాలేయ క్యాన్సర్ గడ్డ ఎక్కువగా డై ఎక్కించిన 35 సెకన్ల ప్రాంతంలో మెరిసి, తర్వాతి దశల్లో చుట్టుపక్కల కాలేయం కంటే నల్లబడుతుంది. డాక్టర్లు పోల్చుకునేది ఆ తేడాతోనే. ఆ కొద్ది సెకన్లు చెడిపోతే మళ్లీ డై ఎక్కించాల్సిందే. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ల గతి ఏంటి?

రెండోసారి వేరే చోట తీయించాం. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి సూది ముట్టకముందే నాయన పొట్ట మీద చెయ్యి ఆనించి, "పెద్దాయనా, గాలి పీల్చు... వదులు... ఇప్పుడు బిగబట్టు, నేను చెప్పిందాకా వదలొద్దు" అని మూడుసార్లు చేయించింది. ప్రతిసారీ ఒకే మోతాదులో పీల్చమంది, లేకపోతే కాలేయం ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుందంట. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఫిల్ముల్లో రెండో గడ్డ కనబడింది. వైద్యం తీరే మారిపోయింది.

సీటీ మిషన్లలో మన మాటలు రికార్డు చేసి పెట్టుకునే వీలుంది. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వాసుపత్రుల్లో మొదలుపెట్టించండి. మా యాసలోనే చెప్పించండి. చెవుడు ఉన్న ముసలివాళ్లకి ముందే చేతి సైగ నేర్పించమనండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద డబ్బు తీసుకునే ప్రైవేటు వాళ్లకీ ఇదే నియమం పెట్టండి.

గడ్డని మాడ్చడానికి ఇచ్చే రేడియేషన్ వైద్యం సంగతి ఇంకా పెద్దది. ఊపిరి బిగబట్టలేని రోగికి ఫోర్‌డీ సీటీ తీస్తారు. ఒక శ్వాసను సాధారణంగా 10 భాగాలు చేసి, గడ్డ ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతోందో చూస్తారు. అది తెలియకుండా రేడియేషన్ ఇస్తే గడ్డకి దెబ్బ తప్పిపోవచ్చు, మంచి కాలేయం మాడిపోవచ్చు. 5 మిల్లీమీటర్లకు మించి కదిలే గడ్డలకి జాగ్రత్తలు పాటించాలని అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2006లోనే చెప్పింది. మా వైపు జనం పెద్ద జబ్బు అనగానే చెన్నై రైలెక్కుతారు. ఆ ఏర్పాటు మా దగ్గరికే తీసుకురండి.

వచ్చే నెల నాయనకి మళ్లీ స్కాన్ ఉంది. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఊపిరి బిగబడుతున్నాడు. మా పిలకాయలు పక్కన అంకెలు లెక్కబెడతారు. నిన్న పదిహేను దాకా వచ్చాడు.

ఇట్లు,
టంగుటూరు మండలం నుంచి ఒక కొడుకు