అల ఎత్తు ఒక్కటే చెబితే చాలదు, మంత్రి గారూ

సముద్ర సమాచార సేవలు చూసే మంత్రి గారికి,

నమస్కారం. నేను సర్ఫింగ్ నేర్పుతాను. తెల్లారకముందే లేచి మొట్టమొదట చూసేది మీ శాఖ ఇచ్చే సముద్ర సూచనే. అందులో అలల గురించి ఉండేది ఒక్క అంకె, ఎత్తు.

ఒకరోజు ‘ఒక మీటరు’ అని ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సరిపోతుందని ముగ్గురు కుర్రాళ్లను తీసుకెళ్లాను. నీళ్లు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. పది నిమిషాలు చెప్పుకోదగ్గ అల ఒక్కటీ రాలేదు. ఆ తర్వాత దూరంగా ఒక నల్లటి గీత లేచింది, దాని వెనకే మరొకటి. మొదటి అల నా తలను మించి లేచి మా ముందే విరిగింది. ఒక కుర్రాడి కాలికి బోర్డును కలిపే లీష్ పుటుక్కున తెగింది. బోర్డు ఒడ్డుకు కొట్టుకుపోయింది, వాడు మాత్రం నురగలో ఉండిపోయాడు. మూడో అల దాటాక గానీ వాడి చెయ్యి నాకు దొరకలేదు. ఆ చేతి వణుకు ఇంకా మర్చిపోలేదు.

సూచన అబద్ధమేమీ కాదు. సగమే చెప్పింది. ఆ రోజు అలకూ అలకూ మధ్య వ్యవధి, మేము పీరియడ్ అంటాం, 16 సెకన్లని తర్వాత తెలిసింది. ఎక్కడో చాలా దూరాన తుఫాను లేపిన అలలవి. లోతైన నీటిలో 6 సెకన్ల అల పొడవు, అంటే ఒక అల కొస నుంచి తర్వాతి అల కొస దాకా ఉండే దూరం, సుమారు 56 మీటర్లు, 16 సెకన్లదైతే 400 మీటర్లు. నీటి లోతు తన పొడవులో సగానికి తగ్గగానే అలకు అడుగు నేల తగలడం మొదలవుతుంది. చిన్నదానికి అది 28 మీటర్ల దగ్గర, పెద్దదానికి 200 మీటర్ల నుంచే. అందుకే పెద్దది అడుగునున్న ప్రతి మిట్టకూ వంగుతుంది, కొన్నిచోట్ల ఒక్కదగ్గరికి పోగవుతుంది, ఒడ్డు దగ్గర నిట్టనిలువుగా లేస్తుంది. ఎత్తు ఒకటే అయినా మోసుకొచ్చే శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. పైగా సూచనలో రాసే ఎత్తు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. అప్పుడప్పుడూ వచ్చే అల దానికి దాదాపు రెట్టింపు ఉండొచ్చు.

ఇదేమీ కొత్త విద్య కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డుకు దించడం కోసం సముద్ర శాస్త్రవేత్తలు హెరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ అలల సూచనకు లెక్కలు కట్టారు. 1963లో మంక్ బృందం దక్షిణ సముద్రాల తుఫానులు పుట్టించిన అలలను పసిఫిక్ పొడవునా అలాస్కా దాకా వెంబడించింది. 16 సెకన్ల అలల గుంపు గంటకు సుమారు 45 కిలోమీటర్లు నడుస్తుంది. తుఫాను 5,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే మన చేతిలో నాలుగు రోజులకు పైనే ఉంటాయి. అంత ముందుగా తెలిసే సంగతి తీరంలో ఉన్నవాడికి చేరకపోవడం నాకు కడుపుమంట.

అలలను ముందే లెక్కగట్టే ఇప్పటి కంప్యూటర్ మోడళ్లు పీరియడ్‌నూ, దిశనూ, వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే అలలనూ విడివిడిగానే లెక్కగడతాయి. అంతా లెక్కగట్టి చివరికి ఒకే అంకెగా కుదించి ఇస్తున్నారు. దయచేసి ఆ కుదింపు ఆపించండి. గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుందో, సముద్రం మీంచి ఇటు వీస్తుందో కూడా పక్కనే రాయించండి. మొదటిదైతే అల చక్కగా నిలబడి విరుగుతుంది, రెండోదైతే చెదిరిపోతుంది. ఇక మా తీరానికి దగ్గర్లోని బోయ్, అంటే నీళ్ల మీద తేలుతూ అలలను కొలిచే పరికరం, మూగబోయి నెలలవుతోంది. మోడల్ చెప్పింది నిజమో కాదో సరిచూసుకోవడానికి మాకున్న ఆధారం అదొక్కటే. అన్నిటికన్నా ముందు దాన్ని బాగుచేయించండి.

ఇన్ని అంకెలు జనానికి అర్థం కావని మీ అధికారులు అనవచ్చు. నా దగ్గరకొచ్చే పదేళ్ల పిల్లలు కూడా ఒక్క పూటలో పీరియడ్ పట్టుకుంటారు. ఒక అల విరగగానే ఒకటి, రెండు అని మొదలుపెట్టి తర్వాతిది విరిగేదాకా లెక్కపెడతారు, అంతే. చేపల వేటకు పడవ దింపేవాళ్లకైతే ఎవరూ నేర్పనక్కర్లేదు.

రేపు ఆ ముగ్గురు కుర్రాళ్లూ మళ్లీ వస్తున్నారు. సూచనలో పీరియడ్ ఉండదు కాబట్టి, నీళ్లలోకి దించే ముందు అరగంట ఒడ్డున కూర్చోబెట్టి అలలు లెక్కపెట్టిస్తాను.

ఇట్లు,
ఒక సర్ఫింగ్ శిక్షకుడు