మ్యాన్‌హోల్‌లోకి దిగేది ఎవరో మీ లెక్కల్లోనే ఉంది

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సెప్టిక్ ట్యాంకులో ఊపిరాడక ముగ్గురు మృతి అని పేపర్లో ఓ మూల వార్త వస్తుంది, మర్నాటికి అందరం మర్చిపోతాం. ఆ ముగ్గురూ ఒకేసారి దిగరండి. ముందు ఒకడు దిగుతాడు, ఉలుకూ పలుకూ ఉండదు, పైన తాడు పట్టుకున్నవాడు ఏ తమ్ముడో బావమరిదో అయ్యుంటాడు, ఆగలేక అతనూ దిగుతాడు, వాళ్ల కోసం ఇంకొకడు. లోపల మురుగు కుళ్లి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కుళ్లిన గుడ్డు వాసన కొడుతుందని అందరికీ తెలుసు, కానీ సుమారు 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన తగ్గింది కదా అని ఇంకో రెండు మెట్లు దిగితే అంతే. మూతికి కట్టుకున్న తువ్వాలు గానీ, మందుల షాపు మాస్కు గానీ ఈ గ్యాసును ఆపలేవు, బయటి నుంచి గాలి అందించే పరికరం ఉండాల్సిందే.

దీన్ని ప్రమాదం అంటున్నారు. మరి ప్రమాదం కులం చూసి వస్తుందా? మురుగు పనిని యంత్రాలతో చేయించడానికి కేంద్రం పెట్టిన 'నమస్తే' పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలే, ఒక్క ఎస్సీలే 69 శాతం దాకా ఉన్నారు. ఇది మీ ప్రభుత్వం తీసిన లెక్కే.

చట్టాలకేం లోటు లేదు. మనుషుల చేత మలం ఎత్తించకూడదని 1993లో ఒకటి, 2013లో ఇంకోటి. రక్షణ పరికరాలు లేకుండా మురుగులోకి దింపితే 2013 చట్టంలో మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా అని రాసుంది. అయితే దింపింది ఎవరు? మున్సిపాలిటీ కాంట్రాక్టరుకి ఇస్తుంది, కాంట్రాక్టరు మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ అడ్డా మీదికి వెళ్లి ఇద్దర్ని పట్టుకొస్తాడు. మనిషి పోయాక ఎవరిని అడిగినా "మేం దిగమనలేదండీ" అనే అంటారు. చచ్చినవాడు సరదాకి దిగాడా మరి?

బతికున్నవాళ్ల సంగతి ఎవరూ రాయరు. మానని పుళ్లు, కామెర్లు, ఎలుక జ్వరం, దగ్గు. ఒక రోజు ఆస్పత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది.

పరిహారం 2014లో సుప్రీంకోర్టు పది లక్షలు అంది, 2023 అక్టోబరులో ముప్పై లక్షలకు పెంచింది. అంటే మనిషి పోయాక ఏం చేయాలో కోర్టు చెప్పేసింది, పోకుండా చూడాల్సింది మీరు. నీటిని జోరుగా కొట్టి మురుగు అడ్డంకి తీసే జెట్టింగ్ మిషను పెట్టని కాంట్రాక్టరుకి బిల్లు ఆపేయండి. మరణం జరిగితే ఎఫ్‌ఐఆర్‌లో మేస్త్రీ పేరొక్కటే కాదు, పని అప్పగించిన అధికారి పేరు కూడా ఉండాలి, అదీ 2013 చట్టం కిందే. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఎంతమంది చనిపోయారో చెప్పి ఊరుకోకుండా, ఎన్ని కేసుల్లో ఎవరికి శిక్ష పడిందో జిల్లాలవారీగా సభ ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక పౌరురాలు