మన కోఠి, సుల్తాన్‌బజార్ సంఘం: ఈ ఏడాది వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోదగ్గది బస్తీ చరిత్ర నడక. ఆదివారం పొద్దున్నే, దుకాణాల షట్టర్లు లేవకముందే మొదలుపెట్టాం. పది దాటితే బడీచౌడీ బజారులో ఇద్దరు పక్కపక్కన నడవలేరు, మీకు తెలిసిందే. అందరం కోఠి బస్టాపు దగ్గరున్న తుర్రెబాజ్ ఖాన్ స్మారక స్తంభం వద్ద కలిశాం. రోజూ దాని పక్కనే బస్సెక్కే మన సభ్యుల్లో కొందరికి కూడా అదెవరిదో తెలియదని అప్పుడే బయటపడింది. 1857 తిరుగుబాటు రోజుల్లో, జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వెంట రోహిల్లాలు (పఠాన్ మూలాలున్న పోరాటగాళ్ళు) హైదరాబాద్ బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దర్బారులోని బ్రిటిష్ ప్రతినిధి నివాసం మీదికి వచ్చారు. ఎదురుగా ఉన్న ఇళ్ళెక్కి కాల్పులు జరిపారు. దాడి నిలవలేదు. మౌల్వీని అండమాన్ పంపారు. చెర నుంచి తప్పించుకున్న తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో చంపి, శవాన్ని జనం కళ్ళముందు వేలాడదీశారు. మన సభ్యురాలు, రిటైరైన టీచరమ్మ గారు ఇదంతా మైకు లేకుండా చెబుతుంటే, మనతో సంబంధం లేని ప్రయాణికులు కూడా వచ్చిన బస్సు వదిలేసి విన్నారు. ఆమెకు సభ తరఫున ప్రత్యేక ధన్యవాదాలు.

తర్వాత రెసిడెన్సీ ప్రహరీ వెంబడి నడిచాం. అప్పటి బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో కట్టించిన ఆ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది, ఇప్పుడది విశ్వవిద్యాలయం. కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ ప్రముఖ కుటుంబపు ఖైరున్నీసాల పెళ్ళి కథ అందరి నోటా ఉన్నదే. నాకు మాత్రం అంతకన్నా ఆసక్తి ఆ గోడ బయట పుట్టిన బజారు మీద. నగరమంతా నిజాం పాలనలో ఉంటే ఈ కాసిని వీధులు మాత్రం రెసిడెన్సీ బజార్ల పేరుతో బ్రిటిష్ రెసిడెంటు చేతికింద ఉండేవి. సాహుకార్లు ఆ అండ చూసుకొని దుకాణాలు పెట్టారు. గుజరాతీలు, మార్వాడీలు, మరాఠీలు, తెలుగువాళ్ళు పక్కపక్క గల్లీల్లో స్థిరపడ్డారు. సభ పెట్టుకోవాలన్నా, సంఘం పెట్టుకోవాలన్నా నగరంలో ఉన్నంత ఇబ్బంది ఇక్కడ ఉండేది కాదు. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం వేరే చోట కాకుండా ఇక్కడే పుట్టడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం. దాన్ని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు నడిచిన వీధుల్లోనే మనం స్కూటర్ పెట్టుకునే చోటు కోసం పోట్లాడుకుంటున్నాం. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాం చేతికొచ్చాయి. పాలన మారినా అలవాటు మారలేదు. గుజరాతీ గల్లీలో స్పీకర్ బేరం ఈనాటికీ హిందీలో మొదలై తెలుగులో తెగుతుంది.

నడక పాత పుస్తకాల ఫుట్‌పాత్ దగ్గర ముగిసింది. అప్పుడే నీలం పట్టా తీస్తున్న దుకాణదారు ఒకాయన తన కట్టలు ఎలా పేరుస్తాడో పిల్లలకు చూపించాడు. పోటీ పరీక్షల గైడ్లు చేతికందేలా పైన, మెడికల్ పుస్తకాలు బరువు కాబట్టి అడుగున, నవలలు మిగిలిన సందుల్లో. ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గరే కాబట్టి ఆ లావు పుస్తకాలకు ఇక్కడ కొదవ లేదు. నడక చూడ్డానికి వచ్చిన పెద్దాయన ఒకరు నవలల సందులోంచి అట్ట లేని తెలుగు పుస్తకం లాగి, బేరమాడకుండా కొన్నారు. కోఠిలో ఇది వార్తే.

చాయ్, నీళ్ళు ఏర్పాటు చేసిన బడీచౌడీ వ్యాపారులకు, కరపత్రాలు కాగితం ఖర్చుకే అచ్చువేసిన మిత్రుడికి, కుర్చీలిచ్చిన ట్రూప్‌బజార్ సభ్యులకు, ఫోటోలు తీసిన పిల్లలకు, ఎండలో పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించిన అమ్మాయిలకు, పేరు వద్దన్న దాతలకు, ఇంట్లో నా గైర్హాజరు భరించినవాళ్ళకు కృతజ్ఞతలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. కోశాధికారి గారు సభలో చదువుతారు. నిల్వ స్వల్పం, అప్పు లేదు.

ఇక చెప్పక తప్పనివి. వాట్సాప్‌లో బొటనవేలు చూపిన వాలంటీర్లలో పొద్దున కనిపించినవాళ్ళను ఒక ఆటోలో ఎక్కించవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌కో, కూకట్‌పల్లికో ఇల్లు మార్చినవాళ్ళు దూరం అంటున్నారు. మెట్రో వస్తే బజారు పోతుందని ఒకప్పుడు మనమే గొడవ చేశాం. 2020 ఫిబ్రవరి నుంచి సుల్తాన్‌బజార్‌లోనే స్టేషన్ ఉంది, బజారూ ఉంది, సభ్యులే లేరు. స్మారకం చుట్టూ చెత్త తీయించాలని, దాని కథ తెలిపే బోర్డు పెట్టాలని సంబంధిత అధికారులకు అర్జీ ఇచ్చాం. ముద్ర వేసిన రశీదు వెంటనే వచ్చింది. ఆ తర్వాత ఆ సారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన సారు మళ్ళీ మొదటి నుంచి అర్జీ పెట్టమన్నారు, పెట్టాం. వర్షం పడితే పుస్తకాల వరుస ముందు పొంగే మోరీ సంగతీ అంతే.

వచ్చే ఏడాది పాత ఇళ్ళ తలుపులు, బాల్కనీలు ఫోటోలు తీసి, ఆ ఇళ్ళలో ఇంకా ఉంటున్న పెద్దల మాటలు రికార్డు చేయాలని కార్యవర్గం తీర్మానించింది. గడపకు తాళం పడ్డ ఇళ్ళు పెరుగుతున్నాయి కాబట్టి ఇది ముందు జరగాలి. దీనికి ఫోన్ కెమెరా చాలు, ఆదివారం ఖాళీగా ఉండాలి. పేర్లు కాగితం మీద సంతకంతో ఇవ్వండి, బొటనవేళ్ళు లెక్కలోకి రావు. చందా బాకీ ఉన్నవారు సభ రోజునే కట్టగలరు. కొత్త కార్యవర్గానికి నామినేషన్లు సభ మొదలయ్యేలోపు నాకు అందాలి. కార్యదర్శి పదవికి కూడా.

ఇట్లు,
కార్యదర్శి