పద్నాలుగు వరుసల టేబుల్‌తో డేటాబేస్ నిర్వహణ అలవడదు

సంపాదకులకు నమస్కారం.

ఇరవై ఏళ్లుగా డేటాబేస్ నిర్వహణే నా వృత్తి. సెలవుల్లో శ్రీకాకుళం వచ్చినప్పుడల్లా, మన రెండు జిల్లాల కళాశాలల్లో చదువు ముగించిన పిల్లలు ఇంటర్వ్యూలకు సిద్ధం కావడానికి నా దగ్గరికి వస్తుంటారు. నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదేపదే రాకుండా టేబుళ్లుగా విడగొట్టడం) గురించి అడిగితే మూడో నార్మల్ ఫారం వరకు తడుముకోకుండా చెబుతారు. ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన, డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనా గురించి పేజీలు రాయగలరు. "నిన్నటి వరకు పది సెకన్లలో వచ్చిన రిపోర్టు ఇవాళ పది నిమిషాలైనా రావడం లేదు, ముందు ఏం చూస్తావు?" అని అడిగితే మాత్రం తల వంచుకుంటారు. తప్పు వాళ్లది కాదు, ఆ ప్రశ్న పుట్టడానికి వాళ్ల లాబ్‌లో వీలే లేదు.

వాళ్లు తెచ్చి చూపించే లాబ్ రికార్డుల్లో ఉండేవి ఒరాకిల్ డేటాబేస్ సంస్థ నమూనాగా ఇచ్చిన ఎంప్ (ఉద్యోగులు), డెప్ట్ (విభాగాలు) టేబుళ్లే. ఎంప్‌లో 14 వరుసలు, డెప్ట్‌లో 4. పద్నాలుగు వరుసలూ డిస్కు నుంచి ఒక్కసారిగా చదివే ఒకే డేటా బ్లాకులో ఇమిడిపోతాయి కనుక, ఇండెక్స్ (పుస్తకం చివరి పదసూచిక లాంటిది) ఉన్నా లేకపోయినా, క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) బాగా రాసినా అడ్డదిడ్డంగా రాసినా జవాబు క్షణంలో వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో జెనరేట్ సిరీస్ అనే ఫంక్షన్ వాడి ఒక్క వాక్యం రాస్తే పది లక్షల వరుసల టేబుల్ తయారవుతుంది. దాని మీద ఇండెక్స్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి క్వెరీ ఎలా సాగిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఆదేశం నడిపించి, వస్తాయని ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే భాగం) అంచనా కట్టిన వరుసలెన్ని, నిజంగా వచ్చినవెన్ని అని పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థి, ట్యూనింగ్‌లో, అంటే క్వెరీల వేగం పెంచడంలో, మొదటి మెట్టు ఎక్కినట్టే.

ఈ చూపు లేకపోతే ఏమవుతుందో నిరుడు విజయనగరం జిల్లాలోని ఒక పరపతి సంఘంలో కళ్లారా చూశాను. ఖాతా నంబరు కొడితే వివరాలు తెర మీదికి రావడానికి నలభై సెకన్లు పట్టేది, పింఛను కోసం వచ్చిన పెద్దవాళ్లు కౌంటరు ముందు నిలబడి ఉండేవారు. సర్వర్ పాతబడిందనుకుని కొత్తదానికి కొటేషన్లు కూడా తెప్పించారు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆ ఖాతాల టేబుల్‌లో ముప్పై లక్షల వరుసలు, ఖాతా నంబరు మీద ఇండెక్స్ ఉండనే ఉంది. నంబర్ల ముందు సున్నాలు ఉంటాయి కాబట్టి ఆ కాలమ్‌ను అక్షరాల రకంగా పెట్టారు, ప్రోగ్రాము మాత్రం కోట్స్ లేకుండా 4127 అని అంకెగా పంపుతోంది. '004127', '04127', '4127' మూడూ అంకెగా మారిస్తే ఒకటే కనుక, ఇండెక్స్‌లో ఫలానా చోట వెతికితే చాలునని మైఎస్‌క్యూఎల్ అనుకోలేదు. ప్రతి వరుసలోని విలువనూ అంకెగా మార్చి పోల్చుకుంటూ ముప్పై లక్షలూ చదివేది. సున్నాలతో సహా కోట్స్‌లో పంపేలా ఒక్క లైను మార్చిన తరువాత, నంబరు కొట్టగానే వివరాలు వచ్చాయి. ఎక్స్‌ప్లెయిన్ ఫలితంలో 'టైప్' కింద, టేబుల్ మొత్తం చదువుతోందని చెప్పే 'ఆల్' అన్న మాట మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది, దాన్ని చదవడం ఆ సంఘం ప్రోగ్రాము చూసే కుర్రాళ్లకు ఎవరూ నేర్పలేదు. మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ (ఆలస్యమయ్యే క్వెరీలను రాసిపెట్టే చిట్టా) మనం ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటుందనీ, ఆన్ చేసినా అది నమోదు చేయడానికి పెట్టిన 10 సెకన్ల హద్దును తగ్గించుకోవాలనీ కూడా వాళ్లకు తెలియదు.

నన్ను ఇంతకంటే కలవరపెట్టేది బ్యాకప్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానం వైపు ఒక జీడిపప్పు వ్యాపారి కార్యాలయంలో సర్వర్, బ్యాకప్ హార్డ్‌డిస్కు ఒకే గదిలో ఒకే బల్ల మీద ఉన్నాయి. రేకులు లేచిపోయి వాన నీళ్లు రెంటినీ కలిపే తడిపాయి. రైతుల బకాయిల లెక్క చిట్టా పుస్తకాల నుంచి మళ్లీ ఎక్కించడానికి వాళ్లకు నెలలు పట్టింది. బ్యాకప్ వేరే చోట పెడితే సరిపోతుందా అంటే, అదీ కాదు. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటానే చెరిపేసినప్పుడు, బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షన్ 9.2, డేటాబేస్ వెర్షన్ 9.6 కావడంతో రోజువారీ బ్యాకప్‌లు అసలు తయారే కావడం లేదని తేలింది. వేరే పనికి అంతకు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా నకలు) ఉండబట్టి మిగతాది దక్కింది, ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. జరిగినదంతా దాచకుండా ఆ సంస్థే ప్రచురించింది, మన పిల్లల చేత చదివించాల్సిన పాఠం అది. రిస్టోర్ చేసి, అంటే అందులోంచి డేటాను తిరిగి తెచ్చి, చూడనంత వరకు బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకూడదు.

కాబట్టి మన జిల్లాల విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. సిలబస్‌లో కొత్త అధ్యాయాలు చేర్చనక్కర్లేదు. వచ్చే లాబ్ పరీక్షలో విద్యార్థికి ఒక బ్యాకప్ ఫైలు, ఒక ఖాళీ సర్వర్, ఒక గంట సమయం ఇవ్వండి. డేటాబేస్‌ను నిలబెట్టి, ప్రతి టేబుల్‌లో ఎన్ని వరుసలు తిరిగి వచ్చాయో లెక్కపెట్టి చూపమని అడగండి.

ఇట్లు,
ఒక డేటాబేస్ నిర్వాహకుడు,
శ్రీకాకుళం