ఇంజన్ కవర్లకు పూత వేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

పాత మోటారు సైకిళ్లను బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించే వారి గురించి మీ పత్రికలో వస్తున్న వ్యాసాలను ఆసక్తితో చదువుతున్నాను. రంగుల ఎంపిక గురించీ, మెరుపు గురించీ వాటిలో ఎంతో ఉంటున్నది గానీ, పాడైన ఇంజన్ భాగాలకు కొత్త పూత వేసే ముందు ఏ పని జరగాలో, పూత ఎక్కడ అసలు పడకూడదో వివరంగా కనబడడం లేదు. నేను ఇంజన్లు విప్పి బిగించే వృత్తిలో ఉన్నాను. కొత్తగా వేయించిన పూత పెచ్చులుగా లేచిపోయిన కవర్లూ, పూత చక్కగా ఉన్నా లోపల బేరింగులు దెబ్బతిన్న ఇంజన్లూ తరచుగా నా దగ్గరకు వస్తుంటాయి కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

క్లచ్ కవరు, మాగ్నెట్ కవరు వంటివి చాలావరకు అల్యూమినియం పోత భాగాలు. గాలి తగలగానే అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, మామూలు పరిస్థితుల్లో ఆ లోహానికి ఆ పొరే రక్షణ. ఉప్పు కలిసిన తేమ చేరినప్పుడు అందులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి సన్నని గుంటలు పెడుతుంది, వాటిలోంచే తెల్లటి పొడి పైకి వస్తుంది. తయారీలో వేసిన లాకర్ అనే పారదర్శకమైన వార్నిష్ లాంటి పూత రాయి తగిలి చిట్లితే, తేమ దాని కిందికి దూరి దారాల్లాంటి చారలుగా పాకుతుంది. ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకే చోట తడి నిలిస్తే ఆ రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియమే తినుకుపోతుంది. బోల్టు తలల చుట్టూ కవరు ముందుగా పాడవడానికి కారణం ఇదే. గుంటల్లోని ఉప్పునూ పొడినీ పూర్తిగా తీయకపోతే, పైన ఎంత మంచి పూత వేసినా కింద ఆ చర్య సాగుతూనే ఉంటుంది.

అందువల్ల శుభ్రపరచడమే ఈ పనిలో పెద్ద భాగం. నూనె జిడ్డును ముందుగా కడిగివేయాలి, జిడ్డు ఉండగానే బ్లాస్టింగ్ (ఇసుక, గాజు పూసల వంటి రేణువులను ఒత్తిడితో చల్లి శుభ్రపరచడం) చేస్తే ఆ జిడ్డు లోహపు సూక్ష్మ రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. త్వరగా తెల్లబడుతుందని కొందరు కాస్టిక్ సోడా నీళ్లలో ముంచుతారు. అది మురికితో పాటు అల్యూమినియాన్నీ కరిగిస్తుంది, బోల్టు బిగిసే మరలూ, నూనె కారకుండా పెట్టే ప్యాకింగ్ కూర్చునే తలాలూ అక్కడే పాడవుతాయి. ఇనుప పీచుతో రుద్దితే దాని రేణువులు లోహంలో చిక్కుకుని తరువాత ఎర్రని తుప్పు మచ్చలు వేస్తాయి. సన్నని గాజు పూసలను నీటితో కలిపి చల్లే తడి బ్లాస్టింగ్ అల్యూమినియానికి బాగా నప్పుతుంది. పొడిగా చేసినా, తడిగా చేసినా ఒక ప్రమాదం మాత్రం పొంచి ఉంటుంది. ఆయిలు దారుల్లో, బోల్టు రంధ్రాల అడుగున నిలిచిపోయిన గాజు రేణువులు ఇంజన్ నడిచిన తరువాత నూనెతో కలిసి బేరింగులను గీసేస్తాయి. ఆయిలు దారులను ముందే మూసి ఉంచాలి, పని ముగిశాక ప్రతి రంధ్రాన్నీ వేడినీళ్లతో, గాలి ఒత్తిడితో కడిగి చూడాలి. ఇది ఎవరికీ కనబడని పని గనుక మొదట ఎగ్గొట్టేదీ దీన్నే.

ఈ సందర్భంలో బ్లాస్టింగ్ చేసే కార్మికుల గురించి కూడా చెప్పాలి. ఇసుకను చల్లినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. పోత వస్తువులను ఇసుకతో బ్లాస్టింగ్ చేయడాన్ని బ్రిటన్ 1949 నాటి నిబంధనలతోనే నిషేధించింది. మన బండి మెరుపు కోసం ముఖానికి గుడ్డ మాత్రమే కట్టుకుని ఇసుక చల్లే మనిషి ఉన్నచోట పని చేయించకూడదని నా గట్టి అభిప్రాయం.

పూతల్లో ఇప్పుడు ఎక్కువగా వేయిస్తున్నది పౌడర్ కోటింగ్, అంటే పొడి రూపంలోని రంగును చల్లి వేడితో కరిగించి అంటించడం. సాధారణంగా దీన్ని 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో గట్టిపరుస్తారు. ఆ వేడికి రబ్బరు ఆయిల్ సీళ్లు నిలవవు కాబట్టి సీళ్లనూ బేరింగులనూ ముందే తీసేయాలి. పోత లోహంలో చిక్కుకున్న గాలి, నూనె ఆవిరి వేడికి బయటికి వచ్చి పూతలో బుడగలు పెడతాయి. అందుకే భాగాన్ని ఒకసారి ఖాళీగా కాల్చి, చల్లార్చి, ఆ తరువాతే పొడి చల్లాలి. ఈ పూత మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బేరింగు గూటి కొలతను మిల్లీమీటరులో నూరో వంతు వరకు చూసే చోట ఆ మందం చాలా ఎక్కువ. ప్యాకింగ్ తలం మీద, మరల్లో, ఎర్త్ వైరు బిగించే చోట కూడా అది పడకూడదు. బోల్టు తల కింద మందపాటి పూత ఉంటే వేడికీ ఒత్తిడికీ అది క్రమంగా నలిగి బోల్టు బిగుతు తగ్గుతుంది, కవరు అంచున నూనె చెమ్మ మొదలవుతుంది.

గాలితో చల్లబడే ఇంజన్ల ఫిన్స్‌కు, అంటే వేడిని బయటికి వదిలే రెక్కల్లాంటి పలకలకు, మందపాటి పూత మంచిది కాదు. పలుచని, వేడిని తట్టుకునే నల్ల రంగు వేయవచ్చు, మెరిసే వట్టి అల్యూమినియం కన్నా అది వేడిని బాగా వెదజల్లుతుంది. సైలెన్సరు బెండు పైపు వేడికి మామూలు పౌడరు మాడిపోతుంది గనుక అక్కడ సిలికోన్ ఆధారిత రంగు గానీ సెరామిక్ పూత గానీ కావాలి. సిలికాన్ ఎక్కువగా ఉండే పోత కవర్లకు అనొడైజింగ్ (విద్యుత్తుతో ఆక్సైడ్ పొరను మందం చేయడం) చేయిస్తే మచ్చలుగా, బూడిద రంగుగా వస్తుంది. ఎక్కువ బలం గల ఉక్కు బోల్టులకు జింకు పూత వేయిస్తే, ఆ ప్రక్రియలో లోహంలోకి చేరిన హైడ్రోజన్ పోయేలా వెంటనే కాల్చాలి, లేకపోతే బిగించిన తరువాత బోల్టు హఠాత్తుగా విరిగిపోవచ్చు.

పూత వేసేవారు ఏ పద్ధతిలో శుభ్రం చేశారో, ఏయే చోట్ల మూసి ఉంచారో, ఎంత వేడిలో ఎంతసేపు కాల్చారో రసీదు మీదే రాసి ఇవ్వడం అలవాటు చేసుకోవాలని కోరుతున్నాను. ఆ కాగితం ఉంటే ఇంజన్ బిగించే మెకానిక్‌కు ఎక్కడ మళ్లీ కడగాలో, ఎక్కడ పూతను గీకివేయాలో ముందే తెలుస్తుంది. మీ వాహనాల పేజీలో ఇకపై వచ్చే వ్యాసాల్లో పూర్తయిన బండి చిత్రంతో పాటు బ్లాస్టింగ్ తరువాత, పూతకు ముందు తీసిన భాగాల చిత్రాలను కూడా ప్రచురించాలని, ఈ ప్రక్రియలపై ఒక లోహశాస్త్ర నిపుణుడి చేత వ్యాసం రాయించాలని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక మోటారు సైకిల్ మెకానిక్