ఏడు రోడ్ల దగ్గర నెట్ సెంటర్ తమ్ముడికి కృతజ్ఞతలు

పేరు బయటపెట్టొద్దన్న తమ్ముడూ! సింగపూర్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే మన శ్రీకాకుళం అమ్మానాన్నలందరి తరఫున నీకు నమస్కారాలు.

అరైవల్ కార్డుకి (సింగపూర్‌లో దిగేముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) సింగపూర్ ప్రభుత్వ సైటులో పైసా కట్టక్కర్లేదనీ, దిగే రోజుతో కలిపి 3 రోజుల్లోపే నింపాలనీ చెప్పి, నింపిపెట్టావు. అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర వెయ్యరు, ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఈ-పాస్ మెయిల్‌కే వస్తుంది కాబట్టి మెయిల్ ఐడీ అక్షరం అక్షరం సరిచూశావు.

ఇక అక్కడి ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు తనిఖీ చేసే ఆటోమేటిక్ గేటు గురించి నువ్వు నేర్పిన తీరు మరీ గొప్పది. పాస్‌పోర్టు రెగ్జిన్ కవరు ముందే తీసెయ్యాలి. చివరనున్న చిరునామా పేజీ కాదు, ఫొటో పేజీని అద్దం మీద బోర్లాపెట్టి, గేటు తెరుచుకునేదాకా అదిమి ఉంచాలి. ఆ పేజీ అడుగున బాణం గుర్తులున్న రెండు వరుసలు, ఒక్కోదాంట్లో 44 అక్షరాలు, మిషను చదివేది వాటినే. పేజీ లేచినా, బొటనవేలు అడ్డొచ్చినా చదవదు. లోపలికి ఒక్కరే వెళ్లాలి. మనవాళ్లు చెయ్యి పట్టుకుని జంటగా అడుగేస్తారు, చిక్కంతా అక్కడే. కళ్లద్దాలు తీసి కెమెరాకేసి చూస్తే, ముఖం, కనుపాప సరిపోల్చుకుని రెండో గేటు తెరుస్తుంది. తెరవకపోతే తప్పు చేసినట్టు కాదు, ఆఫీసరున్న కౌంటరుకి వెళ్లాలంతే. ఆ ఒక్క మాటతో ఎందరి గుండెదడ తగ్గించావో! చల్లగా ఉండు తమ్ముడూ.